రెండున్నరేళ్ల పాప, ఐదేళ్ల బాబు: ఇంట్లో రంగులు, కాగితాలు ఏవి కొనాలి?

అద్దెఇల్లు_అమీర్‌పేట

అందరికీ నమస్కారం. పాపకు రెండున్నరేళ్లు, బాబుకు ఐదు. బొమ్మలు వేసుకోవడానికి సామాను కొనాలి. వెయ్యి రూపాయల దాకా పెట్టగలను. పాప చేతికి ఏది దొరికినా నోట్లో పెడుతుంది. అద్దె ఇల్లు, గోడలకు డిస్టెంపర్. ఆన్‌లైన్‌లో 68 ముక్కలు, 150 ముక్కలు అంటూ సూట్‌కేసులాంటి డబ్బాలో ఆర్ట్ కిట్లు కనిపిస్తున్నాయి. అలాంటిది ఒకటి తీసుకుంటే సరిపోతుందా, విడివిడిగా కొనాలా?

డ్రాయింగ్‌టీచర్_రాజమండ్రి

కిట్ వద్దండి. 150 ముక్కల్లో సగం సన్నటి స్కెచ్ పెన్నులు, చిటికెన వేలికన్నా సన్నటి క్రేయాన్లు ఉంటాయి. మిగిలినవాటిలో వాటర్ కలర్ బిళ్లలు, క్లిప్పులు, చిన్న షార్ప్‌నర్, ఒక పెన్సిలు. ఆ క్రేయాన్లలో మైనం పాళ్లు ఎక్కువ, రంగు పొడి తక్కువ. పిల్లవాడు గట్టిగా రుద్దినా కాగితం మీద పాలిపోయిన గీత పడుతుంది. ఐదేళ్లవాడు అప్పుడు ఇంకా గట్టిగా నొక్కుతాడు, క్రేయాన్ విరుగుతుంది, విసుగొచ్చి లేచిపోతాడు. పెద్దవాళ్లేమో "వీడికి ఆసక్తి లేదు" అనుకుంటారు. తప్పు సరుకుది.

వెయ్యిలో సగం కాగితానికి పెట్టండి. వినడానికి విచిత్రంగా ఉంటుంది గాని, ఈ వయసు పిల్లలు ఒక్క కూర్చోవడంలో ఐదారు కాగితాలు లాగించేస్తారు. కాగితం పొదుపు చెయ్యాల్సి వస్తే "ఇంకోటి ఇవ్వను, దీని మీదే వెయ్యి" అంటాం. అక్కడితో ఆట ఆగిపోతుంది.

మిగిలిన సగంలో:

పాపకు లావు క్రేయాన్లు, 8 లేదా 12 రంగులు చాలు. జంబో అని రాసి ఉంటాయి. బొటనవేలంత లావుండాలి, పిడికిలితో పట్టుకుని గీసినా విరగకూడదు.

బాబుకు ఆయిల్ పేస్టల్స్, 12 లేదా 25 రంగుల పెట్టె. 50 రంగుల పెట్టె అక్కర్లేదు, అందులో ఒకేలా కనిపించే ఆకుపచ్చలు ఆరుంటాయి.

ఇద్దరికీ కలిపి పోస్టర్ కలర్స్ విడి సీసాలు: ఎరుపు, నీలం, పసుపు, తెలుపు. నలుపు మొదట్లో కొనకండి. నల్ల సీసా తెరిచిన రోజు మిగతా రంగులన్నీ బురదైపోతాయి.

రెండు బ్రష్‌లు: ఫ్లాట్ 12 నంబరు, రౌండ్ 8 నంబరు. సింథటిక్ వెంట్రుకలవి తీసుకోండి.

కాగితంకొట్టు_విజయవాడ

టీచరుగారు కాగితం సంగతి ఎత్తారు కాబట్టి దాని గురించి కొంచెం వివరంగా.

మీరు చూడాల్సింది జీఎస్ఎం. చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములు తూగుతుందో ఆ అంకె. జిరాక్స్ కాగితం 70 నుంచి 80 ఉంటుంది. క్రేయాన్లకు, పెన్సిళ్లకు అది చాలు. నీళ్ల రంగు తగిలితే మాత్రం పని చెయ్యదు. అలలు అలలుగా లేస్తుంది, బ్రష్ రెండోసారి తిప్పితే పైపొర నలిగి ఉండలు కడుతుంది, మూడోసారికి చిల్లు పడుతుంది. పోస్టర్ కలర్‌కు 120 నుంచి 150 ఉండాలి. నీళ్లు బాగా పారించే వాటర్ కలర్‌కైతే 200 పైన. కార్ట్రిడ్జ్ షీట్ అని అడిగితే ఏ పెద్ద స్టేషనరీలోనైనా ఇస్తారు.

డ్రాయింగ్ బుక్కుల విషయంలో జాగ్రత్త. అట్ట మీద ఏనుగు బొమ్మ ఘనంగా ఉంటుంది, లోపల కాగితం 90 కూడా ఉండదు. కొనేముందు ఒక పేజీ పైకెత్తి వెలుతురుకు అడ్డం పెట్టండి. వెనకున్న వేళ్లు స్పష్టంగా కనిపిస్తే అది తడి రంగులకు పనికిరాదు. పైగా పిన్నులు కొట్టిన పుస్తకంలో ఒక పేజీ ఆరేదాకా పక్క పేజీ వాడలేరు. ఇద్దరు పిల్లలున్న ఇంట్లో పుస్తకాలకన్నా విడి కాగితాలే మేలు.

చవగ్గా కావాలంటే చార్టులు తెచ్చుకోండి. పూర్తి చార్టు 22×28 అంగుళాలు. అడ్డంగా, నిలువుగా ఒక్కో మడత పెట్టి కోస్తే 11×14 అంగుళాల ముక్కలు నాలుగొస్తాయి, ఏ3కి కాస్త చిన్నవి. చిన్నపిల్లలకు ఏ4 చాలదు. వాళ్లు భుజం కదిపి గీస్తారు, మణికట్టుతో కాదు. ఏ4 అంచు దాటి గీత నేల మీదికి పోయేది అందుకే. చార్టుకు ఒక వైపు మెరుపు, ఒక వైపు గరుకు ఉంటాయి. గరుకు వైపే వాడాలి. మెరుపు వైపు పోస్టర్ కలర్ ఆరాక పెచ్చులూడుతుంది.

పాత క్యాలెండర్ల వెనకవైపు చాలామంది వాడతారు. వేలితో రుద్ది చూడండి, నున్నగా జారితే దాని మీద ఆయిల్ పేస్టల్ కూడా సరిగ్గా అంటదు. శుభలేఖలు మాత్రం పారేయకండి. మందం బాగుంటుంది, కత్తెర పట్టడం నేర్చుకునేవాళ్లకు అంతకన్నా మంచి సరుకు లేదు.

అద్దెఇల్లు_అమీర్‌పేట

చాలా ఉపయోగం అండీ. ఇంకో సందేహం. ప్రతి పెట్టె మీదా "నాన్ టాక్సిక్" అని రాసి ఉంది. పాప నోట్లో పెట్టే రకం కాబట్టి అడుగుతున్నా, ఆ మాట నమ్మొచ్చా?

రంగులకెమిస్ట్

ఆ ఒక్క మాట చూసి నమ్మకండి. ఎవరైనా అచ్చు వేయించుకోవచ్చు. దాని పక్కన ప్రమాణం నంబరు ఉందా అని చూడాలి.

మన దేశంలో 2021 జనవరి 1 నుంచి పిల్లల ఆటవస్తువులకు ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. వాటి ప్రమాణం ఐఎస్ 9873. అందులో మూడో భాగం సీసం, కాడ్మియంలాంటి లోహాలు వస్తువులోంచి ఎంత బయటికి రావచ్చో చెబుతుంది. ఏడో భాగం ప్రత్యేకంగా ఫింగర్ పెయింట్స్‌కు, అంటే వేళ్లతో పూసి ఆడుకునే రంగులకు. కాబట్టి ఫింగర్ పెయింట్ కొంటే ఐఎస్ఐ గుర్తు, దానితో పాటు లైసెన్సు నంబరు, తయారీదారు చిరునామా ఉన్నాయో లేదో చూడండి. ఏదో దేశం పేరు తప్ప మరేమీ లేని సీసా ఎంత చవకైనా వదిలెయ్యండి.

క్రేయాన్ల, పేస్టల్స్ పెట్టెల మీద ఐఎస్ఐ గుర్తు తరచుగా కనిపించదు. అక్కడ ఈఎన్ 71 అనే యూరప్ ప్రమాణం కోసం చూడండి. ఈఎన్ 71-3 లోహాలకు, 19 మూలకాలకు హద్దులు పెడుతుంది. ఈఎన్ 71-7 ఫింగర్ పెయింట్స్‌కు. ఆ ఏడో భాగంలో ఒక మంచి ఏర్పాటుంది: ఫింగర్ పెయింట్‌లో చేదు పదార్థం కలిపి తీరాలి. వేలు ఒకసారి నాకిన పిల్ల రెండోసారి నాకదు. అందుకే పాపకు మామూలు పోస్టర్ కలర్ చేతికివ్వకుండా అసలైన ఫింగర్ పెయింట్ ఇవ్వమంటాను. పోస్టర్ కలర్ బ్రష్‌తో వాడడానికి చేసింది, రోజూ చేతినిండా పూసుకోవడానికి కాదు.

ఇంకో విషయం గుర్తుంచుకోండి. "నాన్ టాక్సిక్" అంటే తినదగినదని కాదు. పొరపాటున కాస్త మింగితే విషం కాదు, అంతవరకే.

పిల్లలకు అసలు ఇవ్వకూడనివి: పర్మనెంట్ మార్కర్లు, వైట్‌బోర్డు మార్కర్లు (లోపలిది నీళ్లు కాదు, ఘాటైన ద్రావకాలు), స్ప్రే రంగులు, గ్లాస్ పెయింట్స్, ఎనామిల్, హోలీ రంగులు. మిఠాయి రంగు అని పొట్లాల్లో విడిగా అమ్మే పొడి కూడా వద్దు. మెటానిల్ యెల్లో, రోడమిన్ బి లాంటి బట్టల రంగులు ఆహారంలో కల్తీగా దొరికేది ఇలాంటి విడి సరుకు దారిలోనే.

ఆస్టిన్_తెలుగు

అమెరికాలో ఉన్నవాళ్లు ఒకటి గమనించండి. ఇక్కడ పెట్టెల మీద "ఏఎస్‌టీఎం డి-4236 ప్రకారం" అని రాసి ఉంటుంది. చాలామంది దాన్ని భద్రతకు హామీ అనుకుంటారు. ఆ ప్రమాణం చెప్పేది లేబుల్ గురించి. దీర్ఘకాలంలో హాని చేసే పదార్థం ఉంటే ఆ సంగతి లేబుల్ మీద రాయాలంటుంది. హెచ్చరిక రాసి ఉన్న పెయింట్ కూడా ఆ ప్రమాణం ప్రకారమే ఉన్నట్టు లెక్క. పిల్లలకైతే గుండ్రటి ముద్రలో "ఏపీ" అక్షరాలు ఉండాలి. "సీఎల్" ముద్ర ఉందంటే అది హెచ్చరిక ఉన్న సరుకు, పెద్దవాళ్లకు. ఇండియా నుంచి వచ్చేవాళ్లతో రంగులు తెప్పించుకోవాల్సిన అవసరం లేదు, బలపాలు తప్ప!

పిల్లలవార్డు_నర్సు

బలపాల మాట సరదాకి అన్నారేమో గాని, అక్కడే ఆగి ఒక మాట చెప్పాలి. పలక, బలపం ఇంట్లో ఉండడం మంచిదే. కాగితం ఖర్చు లేదు, చెరిపి మళ్లీ రాయొచ్చు. కానీ బలపం, సుద్దముక్క తినే అలవాటు మన పిల్లల్లో ఎక్కువ. ఎప్పుడో ఒకసారి కొరికితే కంగారుపడక్కర్లేదు. రోజూ అడిగి మరీ తింటున్నా, మట్టి, గోడ సున్నం కూడా గీకి తింటున్నా డాక్టరుకు చూపించి రక్తపరీక్ష చేయించండి. ఇనుము లోపం ఉన్న పిల్లల్లో ఈ కోరిక తరచుగా కనిపిస్తుంది. తిట్టినందువల్ల మానదు, లోపం సరిచేస్తే తగ్గుతుంది.

ఇక మీ పాప. మూడేళ్లలోపు పిల్లలకు విషం కన్నా ముందు భయపడాల్సింది గొంతులో ఇరుక్కోవడం గురించి. ఆటవస్తువుల పరీక్షలో వాడే గొట్టం లోపలి వెడల్పు 31.7 మిల్లీమీటర్లు. పది రూపాయల బిళ్ల 27 మిల్లీమీటర్లు. అంటే ఆ బిళ్ల కన్నా కాస్త వెడల్పు గొట్టంలో పూర్తిగా మునిగిపోయే ఏ వస్తువైనా పాప చేతికి అందకూడదు. ఈ లెక్కన:

విరిగిన క్రేయాన్ ముక్కలు, స్కెచ్ పెన్ను మూతలు, రబ్బరు ముక్కలు, పెన్సిల్ వెనక ఊడొచ్చే బొమ్మలు, అతికించే కదిలే కళ్లు, పూసలు, గుండీలు, పాంపాంలు, థర్మోకోల్ ఉండలు. థర్మోకోల్ ఉండలు ముక్కులో దూర్చుకుంటారు. అలా జరిగితే పట్టకారుతో లాగబోకండి, మరింత లోపలికి పోతుంది. ఈఎన్‌టీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.

నీళ్లలో వేస్తే ఉబ్బే రంగు గోళీలు ఇంట్లోకే తేవద్దు, పెద్దబాబు కోసం కూడా. ఎండినప్పుడు ఆవగింజంత ఉంటాయి, మింగితే పేగులో ఉబ్బి అడ్డుపడతాయి. ఎక్స్‌రేలో సరిగ్గా కనిపించవు కూడా. లైట్లు వెలిగే పెన్నులు, స్టాంపుల్లో బిళ్ల బ్యాటరీలుంటాయి. స్క్రూతో మూసిన అర లేనివి కొనకండి. ఆ బ్యాటరీ గొంతులో ఇరుక్కుంటే రెండు గంటల్లోపే లోపల కాలిపోతుంది.

స్కెచ్ పెన్నులు కొంటే మూత కొస చూడండి. గాలి ఆడే రంధ్రం ఉండాలి. మూత గొంతులో ఇరుక్కున్నా ఊపిరి కొంత ఆడడానికి పెట్టిన రంధ్రం అది.

డ్రాయింగ్‌టీచర్_రాజమండ్రి

నర్సుగారు చెప్పినదానికి చిన్న చేర్పు. ఐదేళ్ల బాబుకు మాత్రం రెండు, మూడు సెంటీమీటర్ల పొట్టి క్రేయాన్ ముక్కలే మంచివి. పొడవు క్రేయాన్ ఇస్తే పిడికిలి బిగిస్తాడు. పొట్టిది ఇస్తే చూపుడు వేలు, బొటనవేలు, మధ్యవేలు తప్ప పట్టుకోవడానికి చోటుండదు, రాసే పట్టు దానంతటదే కుదురుతుంది. అవి మూత ఉన్న డబ్బాలో, పాపకు అందని చోట ఉండాలి. ఒకే బల్ల మీద ఇద్దరినీ కూర్చోబెట్టినప్పుడు ఆ డబ్బా తియ్యొద్దు.

అద్దెఇల్లు_అమీర్‌పేట

ఫింగర్ పెయింట్, ఆటపిండి ఇంట్లోనే చేసుకుంటే ఎలా ఉంటుంది? మైదాతో చేస్తారట కదా. తిన్నా ప్రమాదం లేదంటారు.

ఇంట్లోనేచేద్దాం

చాలా సులువు. ఆటపిండికి: మైదా ఒక కప్పు, ఉప్పు అర కప్పు, నీళ్లు ఒక కప్పు, నూనె ఒక పెద్ద చెంచా, నిమ్మరసం ఒక పెద్ద చెంచా. అన్నీ గిన్నెలో ఉండల్లేకుండా కలిపి, సన్న మంట మీద పెట్టి ఆపకుండా తిప్పాలి. నాలుగైదు నిమిషాల్లో గిన్నెకు అంటుకోవడం మానేసి ముద్దవుతుంది. దింపి, చెయ్యి పట్టగలిగేంత చల్లారాక రెండు నిమిషాలు పిసకండి. ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబరున్న ఫుడ్ కలర్ నాలుగైదు చుక్కలు ముద్దలోనే వేసి పిసికితే రంగు సమంగా పడుతుంది. చేతులకు గ్లవుజులు మంచివి, లేకపోతే మీ వేళ్లు మర్నాటిదాకా ఎర్రగా ఉంటాయి.

చేతికి జిగురుగా అంటుకుంటోందంటే సరిగ్గా ఉడకలేదని. పచ్చి మైదా చల్లకుండా మళ్లీ ఒక నిమిషం మంట మీద పెట్టండి. పగుళ్లు వస్తుంటే చెయ్యి తడి చేసుకుని పిసకండి. గాలి చొరని డబ్బాలో ఫ్రిజ్‌లో పెడితే వారం పైన వస్తుంది. కాకినాడ, విశాఖలాంటి సముద్రపు గాలి ఊళ్లలో బయట పెడితే ఉప్పు తేమ లాగి ఒక్క పూటలో నీరు కారుతుంది.

ఫింగర్ పెయింట్‌కు: పావు కప్పు కార్న్‌ఫ్లోర్, ఒక కప్పు నీళ్లు. ముందు చల్లటి నీళ్లలో కలిపి తర్వాతే మంట మీద పెట్టాలి, వేడి నీళ్లలో పొడి వేస్తే ఉండలే మిగులుతాయి. పారదర్శకంగా, పెరుగు చిక్కదనానికి వచ్చాక దింపి, చల్లార్చి, రంగు కలపండి. ఫ్రిజ్‌లో మూడు రోజులు. పుల్ల వాసన వస్తే పారెయ్యడమే.

రంగులకెమిస్ట్

కార్న్‌ఫ్లోర్ పెయింట్ సరే, మీ పాపకు భేషుగ్గా పనికొస్తుంది. ఆటపిండి "తిన్నా ప్రమాదం లేదు" అన్నదాన్ని మాత్రం ఒప్పుకోను. లెక్క చూడండి. పై కొలతల్లో అర కప్పు ఉప్పు దాదాపు 145 గ్రాములు. ఉడికాక మొత్తం ముద్ద సుమారు 500 గ్రాములు. అంటే పిండిలో దాదాపు మూడో వంతు ఉప్పు. 20 గ్రాముల ముద్ద, ఉసిరికాయంత, మింగితే 6 గ్రాముల దాకా ఉప్పు లోపలికి పోయినట్టే. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకే రోజుకు 5 గ్రాముల లోపు అంటోంది. రెండున్నరేళ్ల పాపకు అది చిన్న సంగతి కాదు. ఇంట్లో కుక్కపిల్ల ఉంటే దానికీ ప్రమాదమే.

ఇంట్లోనేచేద్దాం

లెక్క సరైనదే గాని, అంత ఉప్పున్న ముద్దను ఏ పిల్లా ఉసిరికాయంత మింగదండీ. నాలుకకు తగలగానే ఉమ్మేస్తుంది. చేదు పదార్థం చేసే పనే ఇక్కడ ఉప్పు చేస్తోంది.

పిల్లలవార్డు_నర్సు

కొందరు పిల్లలు ఉమ్మరు. బలపాలు తినే పిల్లలు ముఖ్యంగా. ఆటపిండి పాపకు ఇవ్వదలిస్తే పక్కన కూర్చుని ఇవ్వండి, వంటింట్లోకి వెళ్లేటప్పుడు డబ్బా మూసి పైన పెట్టండి. గోధుమ ఎలర్జీ ఉన్న పిల్లలకు ఇది అసలు వద్దు.

ఉప్పు లేని దారి కావాలంటే వినాయక చవితికి తెచ్చే బంకమట్టి ఉంది. శుభ్రమైన చోట తవ్వినది, రాళ్లు, గాజు పెంకులు ఏరి, జల్లించి వాడుకోవచ్చు. రంగు కలిపి అమ్మేది వద్దు. ఆట అయ్యాక గోళ్ల కింద దాకా చేతులు కడగాలి.

డ్రాయింగ్‌టీచర్_రాజమండ్రి

నా మట్టుకు ఐదేళ్లవాడికి మట్టే ఇస్తాను. మైదా ముద్ద మెత్తగా లొంగిపోతుంది, వేళ్లకు పని ఉండదు. బంకమట్టికి బలం పెట్టి పిసకాలి, నిలబెట్టిన ఏనుగు కాళ్లు కూలకుండా ఉండాలంటే లావు, బరువు చూసుకోవాలి.

రంగుల దగ్గరికి వస్తే, ఎరుపు, నీలం, పసుపు, తెలుపు కొనమన్నాను గాని ఏ ఎరుపు, ఏ నీలం అన్నది చెప్పలేదు. అక్కడే అందరూ దెబ్బతింటారు. పిల్లవాడు ఎరుపు, నీలం కలిపి ఊదా రావాలని చూస్తాడు, గోధుమ బురద వస్తుంది. కారణం ఎరుపులో ఉంది. షాపువాడు మామూలుగా ఇచ్చే ఎరుపు వెర్మిలియన్, అందులో పసుపు ఛాయ ఉంటుంది. నీలంతో కలిసేసరికి ఎరుపు, నీలం, పసుపు మూడూ కలిసినట్టవుతుంది. అందుకే బురద. క్రిమ్సన్ అని అడగండి. క్రిమ్సన్, అల్ట్రామెరైన్ నీలం కలిస్తే వంకాయ రంగు ఖాయం.

ఆకుపచ్చ విషయంలో కథ తిరగబడుతుంది. అల్ట్రామెరైన్‌లో ఎర్ర ఛాయ ఉంది కాబట్టి పసుపుతో కలిపితే ముదురు పాచి రంగే వస్తుంది. చిలకపచ్చ కావాలంటే లెమన్ యెల్లో, ప్రష్యన్ బ్లూ. ప్రష్యన్ బ్లూ చాలా గాఢమైనది, పసుపులో బ్రష్ కొసంత చాలు. పసుపు ముందు వేసి నీలం కొంచెం కొంచెంగా కలపాలి. నీలంలో పసుపు పోస్తూ పోతే సీసా ఖాళీ అవుతుంది గాని పచ్చ రాదు.

అంటే సీసాలు: క్రిమ్సన్, అల్ట్రామెరైన్, లెమన్ యెల్లో, తెలుపు. నెల తర్వాత ప్రష్యన్ బ్లూ, వెర్మిలియన్ (నారింజకు అది బాగుంటుంది). తెలుపు పెద్ద సీసా కొనండి, అన్నిటికన్నా ముందు అయిపోయేది అదే.

సీసాలో బ్రష్ ముంచనివ్వకండి. ఐస్‌క్రీం పుల్లతో ప్లేటులోకి అర చెంచా తీసి ఇవ్వండి. మురికి బ్రష్ సీసాలోకి వెళ్తే రెండు వారాల్లో బూజు పడుతుంది. రంగు మందంగా పూస్తే ఆరాక బీటలు వారి రాలుతుంది. నాలుగు చుక్కల నీళ్లు కలపమనండి. బ్రష్ నీళ్ల డబ్బా వెడల్పుగా, పొట్టిగా ఉండాలి. తాగే గ్లాసు మాత్రం వాడకండి.

అద్దెఇల్లు_అమీర్‌పేట

షాపులో ఫ్యాబ్రిక్ కలర్స్ ఇంకా చవగ్గా, ఎక్కువ రంగుల్లో కనిపించాయి. అవే తీసుకుంటే?

కాగితంకొట్టు_విజయవాడ

వద్దండి. ఫెవిక్రిల్‌లాంటివి యాక్రిలిక్. తడి ఉండగానే కడగాలి, ఆరితే ప్లాస్టిక్ పొరే. బట్ట మీద నిలవాలనే తయారు చేశారు, మీ సోఫా మీద కూడా నిలుస్తుంది. ఎనిమిది, తొమ్మిదేళ్లు వచ్చాక చూసుకోవచ్చు. "వాషబుల్" అని రాసి ఉన్నవే ఈ వయసుకు.

జిగురు సంగతి కూడా చెప్పేస్తాను. పాపకు గ్లూ స్టిక్. బాబుకు ఫెవికాల్ ఎంఆర్, సీసా చేతికివ్వకుండా మూతలో పోసి, పాత బ్రష్‌తో. రెండు చుక్కలు చాలని చెప్పండి, ఎక్కువైతే కాగితం నానుతుంది. ఇంట్లో మైదా జిగురు కాస్తామంటే మైదా ఒక వంతు, నీళ్లు ఐదు వంతులు. రెండు రోజుల్లో వాడెయ్యాలి. పురుగు పట్టకుండా అందులో మైలతుత్తం కలిపేవాళ్లు కొందరున్నారు. పోస్టర్లు అంటించేవాళ్ల పద్ధతి అది, విషం. పిల్లల జిగురులో వద్దే వద్దు.

కత్తెర ఐదంగుళాలది, మొన గుండ్రంగా ఉన్నది, లోహపు అంచుతో. మొత్తం ప్లాస్టిక్ కత్తెర భద్రం అనుకుని కొంటారు. అది కాగితాన్ని కొయ్యదు, మడత పెట్టి నములుతుంది. మొదట రెండు సెంటీమీటర్ల వెడల్పు పట్టీలు కోసివ్వండి, ఒక్క కొరుకుడుకు ముక్క తెగాలి. జిరాక్స్ కాగితం వాలిపోతుంది కాబట్టి శుభలేఖ అట్టతో మొదలుపెట్టండి. బాబు ఎడమచేతి వాటమైతే ఎడమచేతి కత్తెరే అడగండి. మామూలుదానితో అంచులు విడిపోయి కాగితం మధ్యలో ఇరుక్కుంటుంది, గీత కూడా కనిపించదు.

చమ్కీ పొడి, మెరుపు పొడి వద్దు. కంట్లో పడితే గీరుకుంటుంది, ఇల్లంతా నెలల తరబడి మెరుస్తూనే ఉంటుంది. యూరప్‌లో 2023 అక్టోబరు నుంచి విడి ప్లాస్టిక్ మెరుపు పొడి మీద ఆంక్షలు కూడా వచ్చాయి.

ఇంట్లోనేచేద్దాం

డిస్టెంపర్ గోడ అన్నారు కదా. తడిగుడ్డతో తుడవకండి, క్రేయాన్ గీత అక్కడే ఉండి గోడ రంగు గుడ్డకు వచ్చేస్తుంది. హెయిర్ డ్రయ్యర్ గాలి కాసేపు పట్టి మైనం మెత్తబడ్డాక టిష్యూతో అద్దండి, రుద్దొద్దు. కొంత మరక మిగులుతుంది, ఇల్లు ఖాళీ చేసేటప్పుడు ఆ మేరకు మళ్లీ రంగు వేయించాల్సిందే. ఎమల్షన్ గోడైతే తడిగుడ్డ మీద చిటికెడు వంటసోడా వేసి మెల్లగా తుడిస్తే పోతుంది.

అంతకన్నా పాప ఎత్తుకు ఒక పూర్తి చార్టు గోడకు అంటించడం మంచిది. సెల్లోటేప్ వద్దు, తీసేటప్పుడు డిస్టెంపర్ పెచ్చుతో సహా వస్తుంది. మాస్కింగ్ టేప్ వాడండి, అది కూడా వారానికోసారి మార్చండి. వీలైతే బీరువా తలుపుకో, టైల్స్‌కో అంటించండి.

బట్టల మీద ఆయిల్ పేస్టల్ పడితే నీళ్లు తగలకముందే, పొడి గుడ్డ మీదే గిన్నెలు తోమే లిక్విడ్ రుద్ది పది నిమిషాలుంచి ఉతకాలి. పోస్టర్ కలర్‌కు ముందు చల్లటి నీళ్లు.

రంగులకెమిస్ట్

ఎండాకాలం మాట మరిచాం. క్రేయాన్లలోని పారాఫిన్ మైనం రకాన్ని బట్టి 46 డిగ్రీల నుంచే కరుగుతుంది. మే నెలలో ఆపి ఉంచిన కారులో, రేకుల గదిలో అంత వేడి ఇట్టే వస్తుంది. ఆయిల్ పేస్టల్స్ ఇంకా ముందే మెత్తబడి ఒకదానికొకటి అంటుకుంటాయి. వాడేముందు పావుగంట ఫ్రిజ్‌లో పెడితే విరగవు.

అద్దెఇల్లు_అమీర్‌పేట

ఈ సాయంత్రం కోఠి వెళ్తున్నాను. రాసుకున్న జాబితా: కార్ట్రిడ్జ్ షీట్లు 140 జీఎస్ఎం, చార్టులు పది, జిరాక్స్ కాగితం ఒక కట్ట, జంబో క్రేయాన్లు 12, ఆయిల్ పేస్టల్స్ 25, పోస్టర్ కలర్స్ నాలుగు సీసాలు, గ్లూ స్టిక్, కత్తెర, బ్రష్‌ల సెట్ 0 నుంచి 12 దాకా, మాస్కింగ్ టేప్, పలక. పాపకు ఫింగర్ పెయింట్ ఇంట్లోనే. ఏమైనా తీసెయ్యాలా?

డ్రాయింగ్‌టీచర్_రాజమండ్రి

బ్రష్‌ల సెట్ తీసెయ్యండి. 0, 1, 2 నంబర్లు సన్నగీతలకు, ఈ వయసులో కాగితానికి గుచ్చి వెంట్రుకలు చిందరవందర చేస్తారు. 12 ఫ్లాట్ రెండు కొనండి, ఒక్కొక్కరికి ఒకటి, లేకపోతే దాని కోసమే కొట్టుకుంటారు. 8 రౌండ్ ఒకటి. కొనేటప్పుడు వెంట్రుకలు పట్టి మెల్లగా లాగి చూడండి, రెండు మూడు ఊడొస్తే ఆ బ్రష్ వద్దు. లోహపు పట్టీ పుల్ల మీద గట్టిగా బిగిసి ఉందో లేదో తిప్పి చూడండి. వాడాక నీళ్లలో నిలబెట్టి వదిలేస్తే ఆ పట్టీ వదులై తల ఊడుతుంది. కడిగి, కొస వేళ్లతో సర్ది, పడుకోబెట్టి ఆరబెట్టాలి.

ఆ మిగిలిన డబ్బుకు ఇంకో రెండు చార్టులు.

కాగితంకొట్టు_విజయవాడ

చార్టులు చుట్టి ఇవ్వనివ్వకండి. షాపులోనే నాలుగు ముక్కలుగా కోయించుకుని అట్ట పెట్టించుకోండి, చాలాచోట్ల కట్టింగ్ మెషిన్ ఉంటుంది. చుట్టిన చార్టు బల్ల మీద పరిస్తే రెండు రోజులు లేస్తూనే ఉంటుంది, రంగు ప్లేటు మీదికి.

అద్దెఇల్లు_అమీర్‌పేట

అలాగేనండీ. సాయంత్రం కోయించుకునే తెస్తాను.